నడుం కత్తి నుంచి మడత చాకు దాకా

పోయిన వేసవి సెలవుల్లో, మా ఆశ్రమ పాఠశాలలో చదివి ఇప్పుడు పట్నంలో ఐటీఐ చేస్తున్న పిల్లలిద్దరు మా ఇంటికి వచ్చారు. అందులో ఒకడు సెల్‌ఫోను తీసి మడత చాకుల బొమ్మలు చూపించాడు. నల్ల పిడి, బొటనవేలితో తోస్తే టక్కున తెరుచుకునే బ్లేడు. "సార్, వీటిలో ఏది కొనమంటారు? రాత్రిపూట పని ముగించుకుని గదికి పోయేటప్పుడు భయంగా ఉంటది. మా యాస విని ఆటపట్టిస్తారు, ఒకసారి కొట్టారు కూడా. జేబులో ఒకటి ఉంటే ధైర్యం" అన్నాడు. పక్కనున్నవాడు నవ్వి, "వీళ్ల తాత నడుముకి కత్తి లేకుండా ఏనాడూ గడప దాటలేదు సార్, వీడికేమో జేబులో చాకు కావాలంట" అన్నాడు.

కొనమనో వద్దనో అప్పటికప్పుడు చెప్పి పంపించి ఉండొచ్చు. కాని ఆ రెండో పిల్లవాడు అన్న మాటలో ఒక చరిత్ర ఉంది. తాత బాహాటంగా నడుముకి పెట్టుకుని తిరిగిన వస్తువు మనవడి దగ్గరకు వచ్చేసరికి మడతపడి జేబులోకి ఎందుకు పోయింది? ఈ వ్యాసం దాని గురించే.

మా కోయ పల్లెల్లో కత్తి ఆయుధం కాదు, చేతికి ఇంకో వేలు లాంటిది. వెదురు చీల్చాలన్నా, దారికి అడ్డమొచ్చిన తీగ నరకాలన్నా, జీలుగు చెట్టుకు గీత పెట్టాలన్నా, కంచెకు ముళ్లకంప కొట్టాలన్నా అదే. భుజం మీద గొడ్డలి, నడుముకి కత్తి లేకుండా అడవిలోకి పోయేవాణ్ణి మా పెద్దలు ఒట్టి చేతులవాడనేవారు. ఎలుగుబంటి ఎదురైతే అదే కత్తి ప్రాణం కాపాడవచ్చు. కాని ఎలుగు కోసమని ఎవరూ కత్తి చేయించుకోలేదు. పనికోసం చేయించుకున్నది ఆపదలో అక్కరకు వచ్చేది, అంతే. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత చట్టం దగ్గర పనికొస్తుంది.

మాలో ఇనుము సాగగొట్టేవాళ్లు తక్కువ. సంతలో కమ్మరి దగ్గర చింతపండో ధాన్యమో ఇచ్చి చేయించుకునేవాళ్లం. ఇప్పుడైతే పాత లారీల కమాను పట్టీ తెచ్చి ఇస్తే దాన్నే కొలిమిలో పెట్టి కత్తి చేస్తారు. అంతమాత్రాన ఆదివాసులకు ఇనుము తెలియదని ఎవరైనా అంటే నమ్మకండి. మధ్య భారతంలో అగారియాలు రాయిని కరిగించి ఇనుము తీసిన జాతి. వెరియర్ ఎల్విన్ 1942లో వాళ్ల మీద ఒక పెద్ద పుస్తకమే రాశాడు. బట్టీల మీద పన్ను, బొగ్గు కోసం చెట్టు కొట్టనివ్వని అడవి నిబంధనలు, ఫ్యాక్టరీ ఇనుము కలిసి వాళ్ల పనిని ఎలా చంపాయో అందులో ఉంది. ఇక తెలుగు నేల మీద, నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి కూర్చునేవారని వోయ్సీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడి వ్యాసం 1832లో అచ్చయింది. పేరుమోసిన డమాస్కస్ కత్తులకు ఇలాంటి ఉక్కే పోయేది.

సరే, మడత చాకు సంగతి. అది కొత్తదేం కాదు. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అనే చోట ఎముక పిడితో దొరికిన మడత చాకు క్రీస్తుకు సుమారు ఐదారు వందల ఏళ్ల ముందుదని చెబుతారు. రోమన్లకూ ఉన్నాయి. చాకును మడవడానికి మొదటి కారణం జేబు, లేదా సంచి. మా తాతల గోచీకి జేబు లేదు కాబట్టి వాళ్లకు మడత అక్కర్లేదు, అంత సూటి విషయం ఇది. తర్వాత ఇంగ్లండులోని షెఫీల్డ్ కమ్మర్లు పిడి వెనక స్ప్రింగు పెట్టిన చాకులను వేలల్లో చేసి ప్రపంచమంతా అమ్మారు. 1890ల్లో స్విట్జర్లాండు సైనికుల చాకు వచ్చింది. ఇవన్నీ చదువుకున్న పిల్లలకు తెలిసినవే.

మాకు ఎక్కువ నచ్చిన కథ ఒపినెల్ చాకుది. ఫ్రాన్సులో సవోయ్ అనేది కొండ ప్రాంతం. అక్కడ ఒపినెల్ వాళ్లది గొడ్డళ్లు, కొడవళ్లు, కొమ్మలు నరికే కత్తులు చేసే కమ్మరి కుటుంబం. ఆ ఇంటి కుర్రవాడు జోసెఫ్ 1890లో, కొండ రైతులు జేబులో వేసుకునేందుకు ఒక చాకు చేశాడు. కర్ర పిడి, దానికొక గాడి, ఒక మేకు, ఒక బ్లేడు, అంతే. 1 నుంచి 12 వరకు సైజులు పెట్టాడు. కాని దానికి తాళం లేదు. గట్టిగా ఒత్తితే బ్లేడు వెనక్కి మడతపడి వేళ్ల మీద పడేది. 1955లో పిడి మెడకు తిప్పే ఇనుప కట్టు ఒకటి చేర్చాక ఆ ప్రమాదం తగ్గింది. అంటే 65 ఏళ్లు జనం తాళంలేని చాకునే జాగ్రత్తగా వాడుకున్నారు. రొట్టె కోసుకోవడానికి, తీగ కత్తిరించడానికి అది చాలింది. ఒక కొండ కమ్మరి వస్తువు ఇప్పుడు దేశదేశాల్లో అమ్ముడుపోతోంది. మన సంత కమ్మరి కత్తికి మాత్రం ఊరు దాటితే పేరు లేదు.

రెండో కారణం జేబు కాదు, సర్కారు. 1876లో జపాన్ ప్రభుత్వం సమురాయ్‌లు బాహాటంగా కత్తి కట్టుకు తిరగకూడదని ఉత్తర్వు తెచ్చింది. కత్తులు చేసే కమ్మర్లకు పని పోయింది. మికి అనే ఊళ్లో కమ్మర్లు 1890ల నాటికి హిగోనోకామి అనే చిన్న మడత చాకు చేయసాగారు. మడిచిన రేకే పిడి, తాళం లేదు, బొటనవేలు ఆనించే చిన్న తోక ఒకటి. బడిపిల్లలు పెన్సిళ్లు చెక్కుకోవడానికి జేబుల్లో పెట్టుకునేవారు. 1960 అక్టోబరులో టోక్యోలో సభలో మాట్లాడుతున్న సోషలిస్టు నాయకుడు అసనుమాను 17 ఏళ్ల కుర్రవాడు పొట్టి ఖడ్గంతో పొడిచి చంపాడు. ఆ తర్వాత పిల్లల చేతుల్లో చాకులు ఉండకూడదని దేశమంతా ప్రచారం నడిచింది. పొడిచింది ఖడ్గం, శిక్ష పడింది పెన్సిలు చాకుకు. కమ్మర్లు ఒక్కొక్కరే మానుకున్నారు. ఇప్పుడు ఆ పేరుతో చాకు చేసే హక్కున్న ఇల్లు ఒక్కటే మిగిలింది.

జపాన్‌లో ఉత్తర్వు వచ్చిన రెండేళ్లకు, 1878లో, బ్రిటిషువాళ్లు మన దేశంలో ఆయుధాల చట్టం తెచ్చారు. అందులో ఆయుధం అంటే ఏమిటో చెప్పిన జాబితా ఒకసారి చూడండి. తుపాకులు, బాయ్‌నెట్లు, ఖడ్గాలు, బాకులు, ఈటెలు, ఈటె మొనలు, వాటితోపాటు విల్లంబులు! మా ఇళ్లల్లో పిల్లలు పిట్టలు కొట్టే విల్లు తుపాకీ పక్కన నిలబడింది. దొరలకు మాత్రం లైసెన్సు అక్కర్లేదు. కొన్ని జనాలకూ మినహాయింపు దొరికింది. కొడగులోని కొడవలకు బ్రిటిషువాళ్ల కాలంలో వచ్చిన మినహాయింపు నేటికీ సాగుతోంది, వాళ్లు తుపాకీ కూడా ఉంచుకోవచ్చు. నడుముకి పీచెకత్తి కట్టుకోవడం వాళ్లకు పండగ వేషం, గౌరవం. అదే పని మావాడు చేస్తే అనుమానం.

ఆ చట్టం వచ్చిన మరుసటి ఏడే, 1879లో, రంప కొండలు తిరగబడ్డాయి. అది ఆయుధాల చట్టం వల్ల అని మేము అనడం లేదు. కల్లు మీద పన్ను, ముఠాదారుల మీద మన్సబుదారు జులుం, పోలీసుల పీడన అసలు కారణాలు. మళ్లీ 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర తమ జనంతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా పడ్డారు. మనుషుల ప్రాణాల కోసం కాదు, తుపాకుల కోసం. కత్తి, గొడ్డలి, విల్లు ఇంటింటా ఉన్న జనం తుపాకీ కోసం ఠాణాకు పోయారంటే, కత్తితో యుద్ధం జరగదని వాళ్లకు తెలుసు. మన పాఠాల్లో ఈ వివరం మీద ఎవరూ ఆగరు.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు, 1962లో అమల్లోకి వచ్చింది. మా పిల్లవాడి ప్రశ్నకు జవాబు చాలావరకు ఇందులోనే ఉంది. దాడికి గాని రక్షణకు గాని ఆయుధంగా తయారైన, లేదా అందుకు మలచుకున్న వస్తువు ఆయుధం. కేవలం ఇంటి పనికో వ్యవసాయానికో తయారైనది ఆయుధం కాదు. నిబంధనల్లో మరో కొలత ఉంది. బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల వర్గంలోకి వస్తాయి, ఇంటి పనివి, వ్యవసాయానివి తప్ప. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో వాటికి లైసెన్సు కావాలి. కొన్నిచోట్ల ఇంకా కఠినం. ఢిల్లీలో 7.62 సెంటీమీటర్లు, అంటే మూడంగుళాల బ్లేడు దగ్గరే పట్టుకుంటారు, బటన్ నొక్కితే తెరుచుకునేవైతే మరీను. కాబట్టి ఒరే బాబూ, "ఆత్మరక్షణ కోసం కొన్నాను సార్" అని పోలీసుకు చెప్పిన మరుక్షణం, నీ నోటితో నువ్వే దాన్ని ఆయుధం చేసినట్టు. ఉల్లిపాయ కోసుకునే చాకుకు ఆ బాధ లేదు.

ఆత్మరక్షణ హక్కు లేదా అంటే, ఉంది. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44. కాని ఎంత అవసరమో అంతే హాని చేయాలి. ఎదుటివాడు పిడికిలితో గుద్దితే చాకు తీసినవాడు అది అవసరమేనని కోర్టులో చూపించుకోవాలి. ప్రమాదకర ఆయుధంతో గాయపరిస్తే మామూలు దెబ్బల కేసు కంటే పెద్ద కేసు. అక్కడ పట్నం కుర్రవాడికి వకీలు దొరుకుతాడు, మన కుర్రవాడికి ఎవరు దొరుకుతారు?

పైగా పని దగ్గర కూడా అది నమ్మదగింది కాదు. మీద పడ్డప్పుడు జేబులోంచి తీయాలి, తెరవాలి, తాళం పడిందో లేదో చూడాలి. ఒక చెయ్యి అప్పటికే వాడి పట్టులో ఉంటుంది. తాళం సరిగా పడకపోతే మొదట తెగేది మన వేళ్లే. లాక్కుంటే అది వాడి చాకు. పరుగెత్తడం పిరికితనమని మన అడవిలో ఎవరూ అనుకోరు, ఏనుగు ముందు, ఎలుగు ముందు అందరం పరుగెత్తినవాళ్లమే.

పనికోసం చాకు కావాలంటే ఇవి చూడమన్నాం. బ్లేడు మూడంగుళాలకు తక్కువ ఉండాలి, బటన్‌తో తెరుచుకునేది వద్దు. తెరిచి పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఆడకూడదు. తాళం వేశాక చెక్క మీద వెన్నువైపు నుంచి తట్టి చూడాలి, మడతపడితే దుకాణంలోనే వదిలేయాలి. తుప్పుపట్టని స్టీలు చెమటకు, వానకు మంచిది. మామూలు ఉక్కు సానకు త్వరగా పదునెక్కుతుంది కాని రోజూ తుడుచుకోవాలి. ఫోనులో చూసి కాదు, చేత్తో పట్టుకుని కొనాలి.

ఇదంతా పట్నం సంగతి. ఇంటి దగ్గర కథ వేరు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో ఆయుధం అన్న మాటకు విల్లంబులు, కత్తులు, వలలు, ఉచ్చులు అన్నీ వస్తాయి. అభయారణ్యంలోకి అనుమతి కాగితం లేకుండా ఆయుధంతో పోకూడదు. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయ్యాయి. అడవి అక్కడే ఉంది, మేమూ అక్కడే ఉన్నాం, మధ్యలో గీత మారింది. పట్నంలో వ్యవసాయ పనిముట్టు అని ఒప్పుకునే కత్తి, అది పుట్టిన అడవిలో ఆయుధమైంది. చాలా ఏళ్ల క్రితం ఒక చెక్‌పోస్టు దగ్గర మా నాన్న కత్తి తీసేసుకున్నారు. కాగితం ఇవ్వలేదు. ఆయన దాన్ని అడగడానికి రెండుసార్లు పోయి, మూడోసారి పోలేదు. కొత్త కత్తి చేయించుకున్నాడు గాని, ఆ తర్వాత సంతకు పోయేటప్పుడు దాన్ని గోనెసంచిలో పెట్టుకుని పోయేవాడు. నడుం మీది కత్తి మా ఇంట్లో మడతపడింది అలా.

పిల్లలు పోయే ముందు ఆ కుర్రవాడు వాళ్ల తాత కత్తి తెచ్చి మా దగ్గర ఆకురాయి అడిగి పదును పెట్టాడు. బడి స్కేలు తీసి కొలిచాడు. పదకొండు అంగుళాలు వచ్చింది.

"తొమ్మిది దాటింది సార్."

"దాంతో వెదురు కొడతారు గదా మీ తాత. తీసుకుంటే మాత్రం రసీదు అడగమను."

"చెక్‌పోస్టు దగ్గర రసీదు ఇస్తారా సార్?"