పసుపు, పేటెంటు, పూర్వజ్ఞానం: నలుగు సంప్రదాయపు సాక్ష్య విలువ

ఉపోద్ఘాతం:
నెల్లూరు తీర గ్రామాల్లో పెళ్ళికి ముందు వధూవరులకు నలుగు పెడతారు. చేయి తెగితే గాయం మీద పసుపు అద్దుతారు. మొదటిది చర్మ సంరక్షణ, రెండవది చికిత్స. రెండింటినీ కలిపి పసుపు సంప్రదాయం అనడం మనకు అలవాటు. పేటెంటు చట్టం ముందు మాత్రం అవి వేర్వేరు సాక్ష్యాలు. ఈ భేదాన్ని పసుపు వివాద చరిత్ర ద్వారా పరిశీలించి, తెలుగు గ్రంథ పరిష్కర్తలకు దానివల్ల కలిగే బాధ్యతను సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

వివాద క్రమం:
1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయం 5,401,504 సంఖ్యతో ఒక పేటెంటు మంజూరు చేసింది. దాన్ని పొందినది మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం. పరిశోధకులు సుమన్ కె. దాస్, హరిహర్ పి. కోహ్లీ. పసుపు పొడితో గాయాన్ని మాన్పే పద్ధతి అందులోని ప్రధాన హక్కు. 1996లో భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పునఃపరిశీలన కోరుతూ 32 ఆధారాలు సమర్పించింది. వాటిలో సంస్కృత గ్రంథాలతో పాటు 1953 నాటి భారత వైద్య సంఘ పత్రికలోని వ్యాసం కూడా ఉంది. 1997 ఆగస్టులో ఆ హక్కులు నూతనత్వం లేనివిగా తిరస్కృతమయ్యాయి.

ఈ విజయాన్ని సంప్రదాయ విజయంగా చెప్పుకోవడం పరిపాటి. నిజానికి అది అచ్చు సాధించిన విజయం. అప్పటి అమెరికా చట్టం స్వదేశంలోని వాడుకను పూర్వజ్ఞానంగా అంగీకరించింది. విదేశాల విషయంలో మాత్రం పేటెంటును గాని, ముద్రిత ప్రచురణను గాని కోరింది. నెల్లూరు తీరాన తరతరాలుగా సాగిన ఆచారం ముద్రణకెక్కకపోతే ఆ చట్టం దృష్టిలో లేనట్టే. 2011 నాటి చట్టం ఈ భౌగోళిక పరిమితిని తొలగించింది. అది 2013 మార్చి నుంచి అమలులోకి వచ్చింది. అయినా ఆచారం ఎప్పటిదో నిరూపించవలసిన భారం మిగిలే ఉంది.

తెలుగు ఆధారాలు:
1852 నాటి బ్రౌన్ నిఘంటువులో 'నలుగు' పదం ఉంది. అది ముద్రితం, కాలం నిర్దిష్టం. ఒంటికి రుద్దుకునే పిండి వాడుకకు అది బలమైన సాక్ష్యం. అయితే గాయం మాన్పే పద్ధతిపై హక్కును అది ఖండించలేదు. ఒక పూర్వ ప్రచురణ మాత్రమే నూతనత్వాన్ని కాదనాలంటే, హక్కులోని ద్రవ్యం, ప్రయోగం, ఫలం అన్నీ అందులోనే ఉండాలి. నలుగు పాటలకూ ఇదే నియమం వర్తిస్తుంది. పాటలోని పసుపు సౌభాగ్య చిహ్నమైతే, దాన్ని చికిత్సకు సాక్ష్యంగా చూపడం అతివ్యాఖ్య అవుతుంది.

భారతదేశంలో పరిస్థితి భిన్నం. 1970 చట్టంలోని 3(ఐ) మనుషులకు చేసే చికిత్సా పద్ధతులను ఆవిష్కరణలుగా గుర్తించదు. 2002 సవరణతో చేరిన 3(పి) సంప్రదాయ జ్ఞానాన్ని మినహాయిస్తుంది. 2001లో మొదలైన సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం విదేశీ పరిశీలకులకు ఆధారాలు అందిస్తోంది. కాని దానికీ గ్రంథస్థ విషయమే మూలం.

ముగింపు:
జానపద గేయాన్ని సేకరించేవారు పాఠంతో సరిపెట్టుకోరాదు. పాడినచోటు, సేకరణ తేది, చెప్పిన ద్రవ్యం, దాని పాళ్ళు, వాడిన విధం, ప్రయోజనం విడివిడిగా నమోదు చేయాలి. వైద్య గ్రంథ పరిష్కర్త ప్రతి కాలాన్ని, ముద్రణ కాలాన్ని వేరుచేసి చూపాలి. పీఠికలో మనం అలవాటుగా రాసే 'ప్రాచీన కాలం నుంచి' అన్న మాట వాదానికి నిలవదు. తేది గల ఒక్క పాదసూచిక నిలుస్తుంది.