బలగం లేని న్యాయానికి ఒక భవనం

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కూ సివిల్స్‌కూ చదివే పిల్లలకు అంతర్జాతీయ న్యాయస్థానం ఎక్కడుందన్నది ఒక్క మార్కు బిట్టు. ఐక్యరాజ్యసమితి ప్రధాన అంగాలు ఆరింటిలో న్యూయార్క్‌లో లేనిది ఇదొక్కటేనన్న మరో బిట్టు దాని వెంటే ఉంటుంది. హేగ్ అని రాస్తే మార్కు వస్తుంది. అయితే ఆ జవాబు వెనకున్న చరిత్ర ఒక్క మార్కుతో తీరేది కాదు. నెదర్లాండ్స్‌లోని ఆ ఊళ్లో గోపురాలతో, పాలరాతి మెట్లతో పీస్ ప్యాలెస్ అనే భవనం నిలబడి ఉంది. అంతర్జాతీయ న్యాయస్థానమూ, దానికంటే పాతదైన శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానమూ అందులోనే పనిచేస్తాయి. న్యాయానికి ఇంత ఆర్భాటం దేనికన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. తీర్పును బలవంతంగా అమలు చేయించలేని కోర్టుకు ఆ భవనమే తొలి బలం అన్నది నా సమాధానం. దానికి రుజువు ఐరోపా చరిత్రలోనే కాదు, మన బంగాళాఖాతంలోనూ ఉంది.

మూసీ ఒడ్డున ఉన్న మన హైకోర్టుతో పోల్చి చూస్తే సంగతి తేటపడుతుంది. రెండు భవనాలూ ఇంచుమించు ఒకే కాలానివి. జైపూర్ శిల్పి శంకర్‌లాల్ నమూనాతో కట్టిన హైకోర్టు 1920 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. ఆ కోర్టు తీర్పు వెనక నిజాం సర్కారు ఉంది, పోలీసులున్నారు, జైలు ఉంది. పెంకుటింట్లో కూర్చుని చెప్పినా ఆ తీర్పు చెల్లేది. హేగ్ పరిస్థితి అది కాదు. 1899లో రష్యా చక్రవర్తి రెండో నికొలస్ చొరవతో 26 దేశాలు అక్కడ సమావేశమై మధ్యవర్తిత్వ న్యాయస్థానాన్ని ఏర్పరిచాయి. 1902లో అమెరికా, మెక్సికోల తగవుతో అది పని మొదలుపెట్టింది. దాని వెనక ఏ రాజూ లేడు, ఒక్క పోలీసూ లేడు. ఇరుపక్షాలూ ఒప్పుకుని వస్తేనే విచారణ, ఒప్పుకుని పాటిస్తేనే తీర్పు. అలాంటి కోర్టు ముందుగా సంపాదించుకోవలసింది గౌరవం.

ఆ భవనానికి అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ 1903లో 15 లక్షల డాలర్లు ఇచ్చాడు. నమూనాల పోటీకి 216 ఎంట్రీలు వస్తే ఫ్రెంచి వాస్తుశిల్పి లూయీ కార్డొనియే గీసినది ఎంపికైంది. 1907 జులై 30న శంకుస్థాపన జరిగింది, 1913 ఆగస్టు 28న తలుపులు తెరుచుకున్నాయి. ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. 1892లో హోమ్‌స్టెడ్ సమ్మెలో కార్మికులపైకి ప్రైవేటు సాయుధ బలగాన్ని పంపిన కంపెనీ కార్నెగీదే. అలాంటి సొమ్ముతో శాంతికి ఇల్లు కట్టడమేమిటని అడగడం న్యాయమే. అయితే గోడలు ఒకడి డబ్బుతో లేచినా, భవనాన్ని నింపింది దేశాలన్నీ కలిసి. గోపురం గడియారం స్విట్జర్లాండ్ ఇచ్చింది, పాలరాయి ఇటలీ నుంచి వచ్చింది. డెన్మార్క్ ఫౌంటెన్ పంపింది, రష్యా దాదాపు మూడు టన్నుల బరువున్న జాస్పర్ రాతి కలశాన్ని పంపింది. జపాన్ పట్టు తెరలు, టర్కీ తివాచీ, బ్రిటన్ రంగు అద్దాల కిటికీలు ఇచ్చాయి. వీటిని అలంకారాలుగా చూస్తే అసలు విషయం జారిపోతుంది. ఒక కోర్టును తమదిగా ఒప్పుకున్నామని దేశాలు రాతిలో, కర్రలో, లోహంలో ఇచ్చిన హామీలవి.

ఆ హామీలు ఏడాది కూడా నిలవలేదన్నది అన్నిటికంటే బరువైన ఆక్షేపణ. భవనం ముందరి ఇనుప గేట్లు జర్మనీ ఇచ్చినవి, తలుపులు బెల్జియం ఇచ్చినవి. 1914 ఆగస్టు 4న జర్మనీ సేనలు బెల్జియంలోకి చొరబడ్డాయి. భవనం యుద్ధాన్ని ఆపలేదన్నది కాదనలేని నిజం. కానీ దానికి ముందు పది రోజుల్లో ఏం జరిగిందో కూడా చూడాలి. ఆస్ట్రియా అల్టిమేటానికి జులై 25న ఇచ్చిన జవాబులో, కావాలంటే తగవును హేగ్ న్యాయస్థానానికి అప్పగిస్తామని సెర్బియా రాసింది. జులై 29న నికొలస్ కూడా జర్మనీ చక్రవర్తికి తంతి కొట్టి అదే మార్గం సూచించాడు. దారి ఉంది, ఆ దారి చూపినవాళ్లూ ఉన్నారు. కాదన్నవాళ్లు కాదన్నారు. అప్పుడు ఓడింది కోర్టు కాదు, కోర్టుకు రావాలన్న ఇష్టం. యుద్ధం ముగిశాక దేశాలు 1922లో శాశ్వత అంతర్జాతీయ న్యాయస్థానాన్ని ఆ భవనంలోనే కొలువుదీర్చాయి. 1946లో నేటి అంతర్జాతీయ న్యాయస్థానం దాని స్థానంలోకి వచ్చింది.

మరో ఆక్షేపణ మనవైపు నుంచి రావలసినది. ఆ 26 దేశాల్లో భారతదేశం లేదు. సొంత నాణెం, సొంత రైలు ఉన్న హైదరాబాద్ రాజ్యమూ లేదు. వలసల యజమానులు తమ కోసం కట్టుకున్న ఇల్లు అదని అంటే తప్పు పట్టలేం. అయితే ఒక ఇల్లు ఎవరు కట్టారన్నదానితో పాటు, తర్వాత అందులో ఎవరు కూర్చున్నారన్నదీ చరిత్రే. భవనానికి వందేళ్లు నిండిన 2013 డిసెంబరులో అక్కడ బంగాళాఖాతం సరిహద్దుపై బంగ్లాదేశ్, భారత్ వాదించుకున్నాయి. అయిదుగురు మధ్యవర్తుల్లో ఒకరు మన విదేశాంగ శాఖకు చాలాకాలం న్యాయ సలహాదారుగా ఉన్న తెలుగువారు పెమ్మరాజు శ్రీనివాసరావు. 2014 జులై 7న తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న సుమారు 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి. కొన్ని అంశాల్లో శ్రీనివాసరావు భిన్నాభిప్రాయం రాశారు. అయినా భారత్ తీర్పును గౌరవిస్తామని ప్రకటించి, దానికి కట్టుబడింది. నౌకాబలంలో బంగ్లాదేశ్ కంటే ఎన్నో రెట్లు పెద్దదైన దేశం ఒక తీర్పు కాగితానికి తల వంచింది. ఆ భవనం దేనికన్న ప్రశ్నకు ఇంతకంటే గట్టి జవాబు నాకు కనిపించదు.

ఇది ఒక్కసారి జరిగిన వింత కాదు. 2012లో కేరళ తీరం దగ్గర ఇద్దరు జాలర్లను ఇటలీ నౌకాదళ సైనికులు కాల్చి చంపిన కేసు కూడా అక్కడికే వెళ్లింది. అందులో భారత్ నియమించిన మధ్యవర్తి కృష్ణా జిల్లా వీరవల్లిలో పుట్టిన పి. చంద్రశేఖరరావు. హాంబుర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్‌కు 2000 జులైలో సొంత భవనం ప్రారంభమైనప్పుడు దాని అధ్యక్షుడు ఆయనే. 2018 అక్టోబరులో ఆయన కన్నుమూశాక ఆ స్థానంలోకి శ్రీనివాసరావు వచ్చారు. సైనికులకు భారత్‌లో విచారణ నుంచి రక్షణ ఉందని 2020లో మెజారిటీ తేల్చింది, శ్రీనివాసరావు విభేదించారు. భారత్‌కు పరిహారం పొందే హక్కు ఉందని కూడా ఆ తీర్పే చెప్పింది. ఇటలీ 10 కోట్ల రూపాయలు చెల్లించింది, 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఇక్కడి కేసును మూసేసింది. చనిపోయినవారి కుటుంబాలకు ఇది పూర్తి న్యాయమని ఎవరూ అనలేరు. కానీ రెండు దేశాల మధ్య పగగా మారవలసిన తగవు వాదనతో ముగిసింది.

బలవంతులు వినరు కదా అన్న మాట చివరికి మిగులుతుంది. 1986లో నికరాగువా కేసు తీర్పును అమెరికా తోసిపుచ్చింది, 2016లో దక్షిణ చైనా సముద్రం తీర్పును చైనా తిరస్కరించింది. ఈ పరిమితిని దాచి వాదిస్తే అది న్యాయం అనిపించుకోదు. కానీ ధిక్కరించినవారికి కూడా తమ వాదన ఎందుకు సరైనదో లోకానికి చెప్పుకోవలసిన అవసరం పడింది. తీర్పు లేకపోతే ఆ సంజాయిషీ కూడా ఉండేది కాదు. అన్నిటికంటే ముఖ్యం, కోర్టు విలువను కొలవవలసింది గెలిచినవారి సంతోషంతో కాదు, ఓడినవారి నడతతో. కృష్ణా నీళ్ల కోసం ట్రిబ్యునల్ ముందు వాదించుకుంటున్న రెండు తెలుగు రాష్ట్రాలకూ ఈ కొలమానం వర్తిస్తుంది. తనకు అనుకూలంగా వచ్చిన తీర్పును పొగడటం ఎవరికైనా తేలికే. వ్యతిరేకంగా వచ్చినదాన్ని కూడా పాటించి చూపిన దేశంగా హేగ్‌లో మనం సంపాదించుకున్న పేరు చిన్నది కాదు. ఆ పేరును ఇంటి తగవుల్లోనూ నిలబెట్టుకోవాలి.