మెడనొప్పికి కదలికయే మందు

ఇబ్రహీంపట్నమునకు చేరువనున్న మంచాల వంటి పల్లెలలో బిందె, గడ్డిమోపు, కట్టెలమోపు, అన్నింటి బరువును మోయునది మెడయే. నాట్లకు, కలుపుతీతకు గంటలకొలది వంగుటయు తోడైనచో, మెడ పట్టివేసి నెలల తరబడి వదలదు. అప్పుడు ‘కదలక పడుకొనుము’ అని ఇరుగుపొరుగువారు చెప్పుదురు. కూలి మానిన పూట గడవనివారికి ఆ సలహా పాటింపరానిది. వైద్యచరిత్రను పరిశీలించినచో అది సరియైనదియు కాదని మేము తలచుచున్నాము.

సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున ఒక ముచ్చట కలదు. విరిగిన చేయి అతికిన పిదప రోగి మొదట మట్టిముద్దను, తరువాత ఉప్పుగడ్డను, బలము చేకూరిన పిమ్మట రాతిని పట్టవలెను. వ్యాయామము ఉన్న బలములో సగము మేరకే చేయవలెనని చెప్పినదియు ఆ గ్రంథమే. తప్పిన దవడకు కాపడము పెట్టి, కీలు సరిచేసి, కట్టుకట్టు విధమును అందు కలదు. మన్యాస్తంభమనెడి మెడపట్టును, హనుగ్రహమనెడి దవడపట్టును మన ప్రాచీనులు వాతరోగములలోనే చేర్చిరి.

ఐరోపాలో పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్ నగరమున వ్యాయామ విద్యాలయమును నెలకొల్పి, వ్యాయామమును చికిత్సగా బోధించెను. మన దేశమున 1953లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రియందు ఫిజియోథెరపీ పాఠశాల వెలసెను. 1960వ దశకమున హైదరాబాదులో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి ఏర్పడెను. అదియే నేటి నిమ్స్.

దవడ సంగతి వేరుగా నడచినది. 1934లో అమెరికా వైద్యుడు జేమ్స్ కాస్టెన్ దవడకీలు బాధకు పలువరుస లోపమును కారణముగా చూపెను. తరువాతివారి దృష్టి కండరములవైపు మరలెను. ముఖమునుండియు, మెడ పైభాగమునుండియు వచ్చు నాడులు వెన్నుపాము మొదట ఒకేచోట కలియును. కనుక ఒకచోటి నొప్పి వేరొకచోట తోచవచ్చును. చిలీ దేశపు ఫిజియోథెరపిస్టు మరియానో రోకబాడో ఈ రెండింటికి కలిపి ఆరు వ్యాయామములను ఏర్పరచెను. నాలుకను అంగిటికి ఆనించి నిలుపుట, గడ్డమును మెల్లగా వెనుకకు లాగుట వానిలోనివి. ఒక్కొక్కటి ఆరుసార్లు, దినమునకు ఆరు పర్యాయములు చేయవలెను.

వీనివలన నొప్పి ఒక్కనాట పోదు, వారములు పట్టును. చేతులు తిమ్మిరెక్కినను, బలము తగ్గినను, జ్వరము కలిగినను, దెబ్బ తగిలినను ముందుగా వైద్యుని చూడవలెను. తక్కినవారు భయమును విడిచి, మట్టిముద్దతో మొదలిడినట్లే కొద్దికొద్దిగా ఆరంభింపవచ్చును. దీనికి ఖర్చు లేదు, కూలి మాననక్కరలేదు.