పచ్చిక నుంచి పెరటితోటకు: చంద్రగిరి నుంచి ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- విజయనగర కాలపు తోటకూ, వలస పాలనతో వచ్చిన పచ్చికకూ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
- సంక్షోభ కాలాల్లో పచ్చికలు కూరతోటలుగా మారిన తీరును వివరించగలుగుతారు.
- ఆ మార్పు ఎక్కడ నిలిచిందో, ఎక్కడ నిలవలేదో కారణాలతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

చంద్రగిరి కోటలో రాజమహల్ చూడబోయిన వారికి ముందు కనిపించేది దాని ఎదుట పరచిన పచ్చిక. తళ్ళికోట యుద్ధం (1565) తరువాత అరవీటి రాజులు పెనుకొండకు తరలారు. రెండవ వేంకటపతిరాయల కాలంలో (1586–1614) చంద్రగిరి వారి రాజధాని అయింది. మహలు విజయనగర కాలానిది. పచ్చిక అలవాటు మాత్రం చాలా తరువాతిది. సందర్శకులకు రెండూ ఒకే కాలానివిగా తోస్తాయి. చరిత్ర విద్యార్థి ప్రశ్నించవలసింది ఇక్కడే.

2. విజయనగర కాలపు తోట

1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఇళ్ళ మధ్య తోటలనూ, వాటికి నీరు తెచ్చే కాలువలనూ వర్ణించాడు. మామిడి, పనస, పోక, నిమ్మ, నారింజ చెట్లను ప్రత్యేకంగా పేర్కొన్నాడు. తిరుమలలో రామానుజుల శిష్యుడు అనంతాళ్వారు పూలతోట పెంచడానికి ముందు చెరువు తవ్వాడని సంప్రదాయం చెబుతుంది. చంద్రగిరి రాణిమహల్ వెనుక నేటికీ బావి ఉంది. తోటకు మొదటి మెట్టు నీరు.

మన భాష కూడా ఇదే చెబుతుంది. మామిడితోట, ఆకుతోట, పూలతోట, కూరతోట: ‘తోట’ అంటే ఏదో ఒకటి ఇచ్చేది. ‘పచ్చిక’ పశువులు మేసేది. మేతకూ పనికిరాని పచ్చికను నీళ్ళు పోసి పెంచడం మన పల్లెలకు కొత్త.

3. పచ్చిక వచ్చిన దారి

ఇంగ్లండులో భూస్వాముల భవనాల ముందు పచ్చిక ఒక హోదా చిహ్నం. పంట తీయకుండా ఇంత నేల వదిలేయగలమని చాటడమే దాని అర్థం. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కత్తిరించే యంత్రానికి పేటెంటు పొందాక అది మధ్యతరగతి ఇళ్ళకూ చేరింది. మన దేశానికి కంటోన్మెంట్లు, దొరల బంగళాలతో వచ్చింది. వైస్రాయి కర్జన్ (1899–1905) కాలపు పునరుద్ధరణలో తాజ్‌మహల్ తోట కూడా ఇంగ్లీషు పద్ధతి పచ్చికగా మారింది. చారిత్రక కట్టడాల చుట్టూ పచ్చిక పరచే ఆనవాయితీ అలా స్థిరపడింది.

ఇంగ్లండులో ఏడాది పొడవునా చినుకు పడుతుంది. మనకు ఎండాకాలంలో బోరు నీళ్ళే గతి. కాబట్టి ఇది అందానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, నీటి ప్రశ్న కూడా.

4. సంక్షోభంలో పచ్చిక

రెండవ ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు తన పచ్చికలను తానే తవ్వుకుంది. లండన్ టవర్ కోట కందకంలో సైతం కూరగాయలు పండించారు. అమెరికాలో 1943లో శ్వేతసౌధం ఆవరణలో కూరతోట వేశారు. యుద్ధం ముగియగానే ఇలాంటి తోటల్లో అధికభాగం మళ్ళీ పచ్చికలయ్యాయి. శ్వేతసౌధంలో తిరిగి కూరమడులు వెలసింది 2009లోనే.

మన దేశంలో 1942లో బర్మా జపాను వశం కావడంతో అక్కడి బియ్యం ఆగిపోయింది. 1943లో బెంగాల్ క్షామం వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత కూడా కొరత తీరలేదు. గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి (1948–50) ఢిల్లీ భవన ఆవరణలో స్వయంగా నాగలి పట్టి, కొంత నేలను ధాన్యం సాగుకు కేటాయించారు. ఆ చోట నేడు ‘దాలీఖానా’ అనే కూరగాయలతోట ఉంది. వంటగదితో ముడిపడినందువల్ల అది నిలిచింది.

5. క్రమంగా ఎందుకు మార్చాలి?

ఈ పాఠ్య రచయిత పదవీ విరమణ తరువాత చంద్రగిరిలోని తన ఇంటి పచ్చికను ఒకేసారి తవ్వించాడు. ఈశాన్య రుతుపవనాల వానకు పైమట్టి కొట్టుకుపోయింది. తెగిన ప్రతి గరిక వేరూ మళ్ళీ మొలిచింది. మరుసటి ఏడు నాలుగో వంతు నేలను మాత్రమే తీసుకున్నాడు. దానిపై పాత అట్టలు, ఎండుటాకులు, పశువుల ఎరువు పరిచాడు. వెలుతురు అందక గరిక చాలావరకు చచ్చింది, మట్టి గుల్లబారింది. స్నానాల నీరు పారేచోట అరటి, గట్టున మునగ, కరివేపాకు, ఆషాఢంలో అనప నాటాడు. సంక్రాంతికి ఇంట్లో పితికిపప్పు పులుసు కాగింది. మిగిలిన నేలను ఏడాదికొక వంతు చొప్పున మార్చమని ఇంట్లోవారే అడిగారు.

6. సారాంశం

పచ్చికను తోటగా మార్చడం మనకు కొత్త ప్రయోగం కాదు, పాత పెరటికి తిరిగి వెళ్ళడం. కొరతకు భయపడి వేసిన తోటలు చాలావరకు కొరతతోనే పోయాయి. నీటి లెక్క తెలిసి, వంటింటికి ఉపయోగపడుతూ, కొంచెం కొంచెంగా పెరిగిన తోట నిలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ‘తోట’, ‘పచ్చిక’ అనే మాటల అర్థభేదం చరిత్రను ఎలా తెలుపుతుంది?
2. యుద్ధకాలపు తోటలు ఎందుకు నిలవలేదు? దాలీఖానాతో పోల్చి రాయండి.
3. మీ ఇంట్లో పెద్దవారిని అడిగి, వారి చిన్ననాటి పెరట్లో ఏమేమి పండేవో, నీరు ఎక్కడినుంచి వచ్చేదో ఒక పేజీ రాయండి.