కొండాపూర్ పురావస్తు ప్రదర్శనశాల

కొండాపూర్ పురావస్తు ప్రదర్శనశాల సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మండలంలో, శాతవాహనుల కాలపు పట్టణం బయటపడ్డ దిబ్బకు దగ్గరలో ఉంది. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ దీన్ని నిర్వహిస్తోంది. హైదరాబాద్ ఐటీ ప్రాంతంలోని కొండాపూర్ వేరు.

తవ్వకాలు

స్థానికులు కోటగడ్డ అని పిలిచే ఈ దిబ్బ ప్రాముఖ్యాన్ని 1900 ప్రాంతంలో పురావస్తు పరిశోధకుడు హెన్రీ కజిన్స్ గుర్తించారు. 1940ల తొలి ఏళ్లలో గులామ్ యజ్దానీ సారథ్యంలో హైదరాబాద్ సంస్థాన పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. ఇళ్ల పునాదులు, కొలుములు, బౌద్ధ స్తూప, చైత్యాల ఆనవాళ్లు బయటపడ్డాయి. 2009 తర్వాత భారత పురావస్తు సర్వేక్షణ శాఖ మళ్లీ తవ్వింది.

నాణేలు

శాతవాహనుల నాణేలు ఇక్కడ వేల సంఖ్యలో దొరికాయి. వాటితోపాటు నాణేల అచ్చులు కూడా దొరకడంతో ఇది టంకశాల ఉన్న పట్టణమని పండితులు భావించారు. శాతవాహనుల కాలంలో కొన్ని నాణేలను పోతపోసేవారు, కొన్నింటిని ముద్రతో కొట్టేవారు. సీసపు, రాగి నాణేల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో రాజు పేరు కనిపిస్తుంది. అచ్చులో అక్షరాలు తిరగబడి ఉంటేనే నాణెం మీద అవి సరిగా పడతాయి. రోమన్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం కూడా దొరకడం ఈ పట్టణానికి దూరదేశాల వర్తకంతో ఉన్న సంబంధాన్ని చాటుతుంది.

మట్టిబొమ్మలు

ఇక్కడి కళాసంపదలో తెల్లని మేలిరకం మట్టితో చేసిన చిన్న బొమ్మలు ప్రత్యేకమైనవి. ముందు భాగాన్ని ఒక అచ్చులో, వెనుక భాగాన్ని మరో అచ్చులో ఒత్తి, రెండింటినీ అతికించి కాల్చేవారు. అందుకే అవి లోపల డొల్లగా ఉంటాయి. వేలెడంత బొమ్మలో కూడా జడల అల్లిక, తలకట్టు, చెవుల నగలు విడివిడిగా తెలుస్తాయి. పూసలు, గాజులు, ఇనుప పనిముట్లు, కుండలు కూడా ఇక్కడి తవ్వకాల్లో దొరికాయి.

ప్రాముఖ్యం

అచ్చు అనగానే మనకు పుస్తకాల ముద్రణే గుర్తొస్తుంది. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో 1473లో అక్కడి తొలి పుస్తకం అచ్చయింది. ఆ వారసత్వాన్ని చూపే ముద్రణ ప్రదర్శనశాల అక్కడ 1964లో ఏర్పడింది. అక్షరాన్ని, బొమ్మను ఒకే అచ్చు నుంచి పదేపదే తీసే నేర్పు మన నేల మీద లియాన్‌లో ఆ పుస్తకం అచ్చు కావడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఉందనడానికి కొండాపూర్ సాక్ష్యం. పటాన్‌చెరు, సంగారెడ్డి పరిశ్రమల ప్రాంతంగానే అందరికీ తెలుసు. కానీ ఇక్కడ చేతిపనులు, లోహపు పని రెండువేల ఏళ్ల నాడే వర్ధిల్లాయని ఈ వస్తువులు రుజువు చేస్తున్నాయి. చరిత్ర పాఠం చదివే ప్రతి విద్యార్థికీ వీటిని దగ్గరుండి చూపించాలి.

సందర్శన

హైదరాబాద్ నుంచి ముంబై హైవే మీద పటాన్‌చెరు దాటి, సంగారెడ్డి మీదుగా వెళ్లాలి. శుక్రవారం సెలవు. ప్రదర్శనశాలతోపాటు కోటగడ్డనూ చూస్తే, ఏ వస్తువు ఎలాంటి చోట దొరికిందో అర్థమవుతుంది.