నోరు జారిన యజమాని – చేజారిన జట్టు



"యజమాని" అనే మాటకు మూలం "యజమానుడు". యజ్ఞం చేయించేవాడని అర్థం. ద్రవ్యం అతనిది, సంకల్పం అతనిది, ఫలమూ అతనిదే. మంత్రం మాత్రం ఋత్విక్కులది. వారు ఆసనాల మీదనుండి లేచిపోతే ఎన్ని కడవల నెయ్యి ఉన్నా హోమం సాగదు. ఈ సంగతి మరచిన ఒక ధనవంతుని చరిత్ర 2014లో అమెరికాలో నడిచింది. దానికి మన హైదరాబాదుతో రెండు మూడు ముడులున్నవి. అందుకే ఇక్కడ వ్రాయాలనిపించింది.

డోనాల్డ్ స్టెర్లింగ్ లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఇళ్ళు అద్దెకిచ్చి ఆస్తి కూడబెట్టినవాడు. 1981లో క్లిప్పర్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టును సుమారు కోటీ పాతిక లక్షల డాలర్లకు కొన్నాడు. అప్పుడది శాన్ డియేగోలో ఉండేది. 1984లో దానిని లాస్ ఏంజెలెస్‌కు తరలించాడు. 2014 ఏప్రిల్ 25న అతని సంభాషణ ఒకటి బయటపడింది. నల్లవారితో తీయించుకున్న ఫొటోలు అందరికీ చూపవద్దని, వారిని తన జట్టు ఆటలకు వెంటబెట్టుకు రావద్దని తన స్నేహితురాలిని మందలించిన సంభాషణ అది. ఆ కోపానికి కారణమైన ఫొటోలో ఆమె పక్కన ఉన్నవాడు సామాన్యుడు కాడు, ఆ ఆటలోనే మహామహుడైన మ్యాజిక్ జాన్సన్. ఇక స్టెర్లింగ్ జట్టు శిక్షకుడు డాక్ రివర్స్ నల్లవాడు. ఆటగాళ్ళలో అత్యధికులు నల్లవారు.

రెండు రోజులకు, ఏప్రిల్ 27న, ఓక్లండ్‌లో పోటీ. క్లిప్పర్స్ ఆటగాళ్ళు మైదానం నడుమకు వచ్చి, జట్టు పేరున్న పైచొక్కాలు విప్పి అక్కడ కుప్పగా పడవేశారు. లోపలి చొక్కాలను పేరు కనబడకుండా తిరగవేసి తొడుక్కొని ఉన్నారు. ఒక్క మాట అనలేదు. ఆనాటి ఆట ఓడిపోయారు కాని, అసలు గెలుపు అప్పటికే ఆరంభమైంది. సంఘం గట్టి చర్య తీసుకోకపోతే తరువాతి పోటీకి దిగి కూడా ఆడకుండా వెళ్ళిపోవాలని ఆటగాళ్ళు ఆలోచించుకున్నారు. ప్రత్యర్థి జట్టువారు సైతం అందుకు సిద్ధపడ్డారు. ప్రకటనలిచ్చే కంపెనీలు ఒకటొకటిగా తప్పుకొన్నవి.

ఏప్రిల్ 29న ఎన్‌బీఏ కమిషనర్ ఆడమ్ సిల్వర్ తీర్పు ప్రకటించాడు. స్టెర్లింగ్‌కు జీవితకాల బహిష్కారం. నియమావళి అనుమతించిన గరిష్ఠ జరిమానా, 25 లక్షల డాలర్లు. జట్టును అమ్మించడానికి తక్కిన యజమానుల మద్దతు కోరతాననే మాట. సిల్వర్ ఆ పదవిలోకి వచ్చి అప్పటికి మూడు నెలలైనా కాలేదు.

ఒకని సొత్తును బలవంతంగా అమ్మించడం ఎలా సాధ్యమని అడగవచ్చు. అక్కడ జట్టును కొనడమంటే పొలం కొన్నట్టు కాదు, ముప్పై మంది కూటమిలో సభ్యత్వం పొందడం. నాలుగింట మూడు వంతుల మంది ఓటు వేస్తే సభ్యుని తొలగించవచ్చునని ఆ కూటమి కట్టుబాటు. జూన్ 3న ఓటుకు ముహూర్తం కూడా పెట్టారు. ఈలోగా స్టెర్లింగ్ భార్య షెల్లీ, కుటుంబ ట్రస్టు తరపున, జట్టును స్టీవ్ బామర్‌కు రెండు వందల కోట్ల డాలర్లకు బేరం పెట్టింది. భర్త మతి స్థిమితంగా లేదని వైద్యుల చేత చెప్పించింది. ఆయన కోర్టుకెక్కి ఓడిపోయాడు. ఆగస్టు 12న జట్టు చేతులు మారింది. ఈ బామర్ మైక్రోసాఫ్ట్ అధిపతిగా ఉండి, ఆ ఫిబ్రవరిలోనే ఆ పీఠాన్ని మన హైదరాబాదు బిడ్డ సత్య నాదెళ్ళకు అప్పగించినవాడు.

లెక్క చూడండి. కోటీ పాతిక లక్షలు పెట్టి కొన్నది రెండు వందల కోట్లు పలికింది. నూటఅరవై రెట్లు! ఇటువంటి శిక్ష మాకూ పడితే బాగుండునని నవ్వుకొనేవారు ఉంటారు. నా సందేహం మాత్రం వేరు.

స్టెర్లింగ్ బుద్ధి 2014లో పుట్టినది కాదు. నల్లవారికి ఇళ్ళు అద్దెకివ్వడం లేదని 2006లో అమెరికా న్యాయశాఖే అతనిపై దావా వేసింది. 2009లో అతడు తప్పు ఒప్పుకోకుండానే, 27 లక్షల డాలర్లకు పైగా చెల్లించి రాజీ పడ్డాడు. తలదాచుకొనే ఇంటి దగ్గర మనుషులను రంగు చూసి వేరు చేశాడన్న అభియోగమది. సాటి యజమానులెవ్వరూ అప్పుడు అతనిని పొమ్మనలేదు. చేతకు పడని శిక్ష మాటకు పడింది! కారణం, అద్దె ఇల్లు దొరకనివాడు మంత్రం చదివే ఋత్విక్కు కాడు. అతడు లేచిపోతే ఆగే యజ్ఞమేదీ లేదు. నాలుగు గోడల మధ్య మాటను దొంగచాటుగా రికార్డు చేసి శిక్షించడం న్యాయమా అని ఆనాడు కొందరు వాదించారు. ఆ అభియోగం నిజమైతే, ఆ మాట గోడలు దాటి అంతకు ఎంతో ముందే వీధిలో పడిందన్నమాట.

ఇప్పుడు హైదరాబాదు. 2007 అక్టోబరులో ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్‌ను వడోదరలోను, ముంబయిలోను ప్రేక్షకులు కోతి కూతలతో అవమానించారు. నాలుగు నెలలకే ఐపీఎల్ వేలంలో డెక్కన్ ఛార్జర్స్ అతనిని 13.5 లక్షల డాలర్లకు తీసుకొన్నది. 2009లో ఆ జట్టు కప్పు గెలిచింది. 2012లో, ఆర్థిక షరతులు తప్పారన్న కారణంతో, క్రికెట్ బోర్డు ఆ యాజమాన్యాన్నే రద్దు చేసి హైదరాబాదు జట్టును సన్ టీవీ వారికి అప్పగించింది. అంటే యజమానిని దింపే అధికారం మన దగ్గరా ఉన్నది. డబ్బు కోసం దానిని వాడారు కూడా.

కొత్త జట్టు సన్‌రైజర్స్‌లో 2013, 2014లలో వెస్టిండీస్ కెప్టెన్ డారెన్ సామీ ఆడాడు. స్టెర్లింగ్ కథ నడిచిన వేసవి కూడా అదే. ఆరేళ్ళ తరువాత, 2020 జూన్‌లో, జార్జ్ ఫ్లాయిడ్ హత్యపై లోకం అట్టుడికిపోతున్న వేళ, సామీ ఒక సంగతి బయటపెట్టాడు. హైదరాబాదు జట్టులో తనను, శ్రీలంకకు చెందిన తిసార పెరీరాను "కాలూ" అని పిలిచేవారట. బలశాలి అని కాబోలుననుకొని తానూ నవ్వేవాడట. అర్థం తెలిశాక మనసు రగిలింది. పిలిచిన వారిలో ఒకరు మాట్లాడి, ప్రేమతోనే అన్నానని చెప్పగా సామీ పెద్దమనసుతో సరిపెట్టుకొన్నాడు. కథ అక్కడితో ముగిసింది. ఎవరికీ జరిమానా లేదు. చొక్కా తిరగవేసినవారూ లేరు.

యజమాని తూలనాడడానికీ, తోటి ఆటగాడు ముద్దుపేరు పెట్టడానికీ భేదం లేదని నేననను. కాని "ప్రేమతో అన్నాను" అనే సమాధానం మనకు మరీ అలవాటైనది. ఉద్యోగమంతా పిల్లల మధ్య గడిపినవాడిని. నల్లోడు, కర్రోడు అనే పిలుపులు హాజరుపట్టీలోని పేర్లకంటె గట్టిగా వినబడని బడి నేను చూడలేదు. పిలిచినవాడికి అది ప్రేమే. పిలిపించుకొన్నవాడు నవ్వుతాడు, సామీ నవ్వినట్టే. కృష్ణ, శ్యామల, కాళి అని పేర్లలో నలుపును పూజిస్తాం. ద్రౌపది అసలు పేరే కృష్ణ. పిలుపులో మాత్రం అదే నలుపు ఎగతాళి.

మా దొనకొండ గుంటూరు–గుంతకల్లు మార్గం మీది రైల్వే ఊరు. దొరల కాలపు రైల్వేలలో పై కొలువులు తెల్లవారికి, ఆంగ్లో ఇండియన్లకు. బొగ్గు ఎత్తే పార మనవారికి. ఒంటిరంగును చూసి మనిషి వెల కట్టడమంటే ఏమిటో అనుభవించిన జాతి మనది. అందుకే సామీ ప్రశ్నకు మరికాస్త మెలకువతో జవాబు చెప్పవలసిన వారం.

క్లిప్పర్స్ చరిత్రలో నాకు గొప్పగా తోచినది రెండు వందల కోట్ల బేరం కాదు, సిల్వర్ తీర్పు కూడా కాదు. ప్రత్యర్థి జట్టువారు "ఇది మీ ఇంటి గొడవ" అనకుండా, మేమూ మీతో లేస్తామనడం. సామీకి ఆ రోజుల్లో పక్కన ఉన్నవారిలో ఆ పదానికి అర్థం తెలిసినవారు తప్పక ఉండి ఉంటారు. "అలా పిలవకు" అని ఒక్కరు అని ఉంటే, ఆరేళ్ళ తరువాత ఆయన అడగవలసిన పని ఉండేది కాదు.

మీ అభిప్రాయాలు తెలుపగలరు.