ఎడమ వెనక డోరు

తాళాలు సూపర్‌వైజర్ చేతిలో పెట్టేశారు. డిక్కీలోంచి సంచులు దించేశారు. అరకులో కొన్న కాఫీ పొడి పొట్లాలు, అనంతగిరి దగ్గర మీ పాప ఏరుకొచ్చిన పైన్ కాయలు, నాన్నగారి చేతికర్ర అన్నీ యార్డు గోడ వారకి చేరాయి. మద్దిలపాలెం సందులో ఎండ ఇంకా దిగలేదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి గంటన్నర టైముంది. ఆటో పిలుద్దామని మీరు ఫోను తీస్తున్నారు.

"సార్, ఒక్కసారి ఇలా రండి."

సూపర్‌వైజర్ తెల్ల స్విఫ్ట్ చుట్టూ నడుం వంచి తిరుగుతున్నాడు. పట్టపగలు ఫోను టార్చి వెలిగించాడేమిటా అనుకుంటారు మీరు. ఎడమ వెనక డోరు దగ్గర ఆగి టార్చిని రేకుకి ఆనించి పక్కవాటుగా పడతాడు. నిలబడి చూస్తే కంటికి ఆనని గీత ఆ వెలుగులో జానెడు పొడుగున లేస్తుంది. తరవాత వెనక బంపరు, కుడి మూల. అక్కడ బొటనవేలంత నీలం మరక.

"గీసీసినట్టున్నారు సార్. ఇదీ, అదీ."

గొంతులో కోపమేమీ లేదు. రోజూ చేసే పనే అది. ఫోటోలు తీస్తాడు, ఎవరికో పంపుతాడు, లోపలికి వెళ్లి కాలిక్యులేటర్ తెస్తాడు. డోరు పెయింటింగు 4,500. బంపరు 3,500. బండి షెడ్డులో ఉండే మూడు రోజులకి రోజు అద్దె 2,200 చొప్పున 6,600. మొత్తం 14,600. మీ డిపాజిట్టు 5,000 పోగా ఇంకా 9,600 కట్టాలి. "ఫోన్ పే చేసీండి సార్, మీకు ట్రైన్ కూడా ఉంది కదా."

ట్రైన్ సంగతి ఆయనకెలా తెలుసు? పొద్దున్నే మీరే చెప్పారు, రిటర్న్ టైము అడిగినప్పుడు. అద్దె బండి అప్పగించే మనిషికి వెనకాల ఎప్పుడూ ఒక రైలో, విమానమో, ఆకలేసిన పిల్లో ఉంటారు. ఈ లెక్కలో సగం బలం ఆ రైలుదే.

మీ ఆవిడ మీ వైపు చూస్తుంది. ఆ చూపుకి అర్థం "కట్టేసి పోదాం" అని కాదు, "నోరు విప్పవేం" అని. మీరు కాలిక్యులేటర్ పక్కన పెట్టమని, ముందు గీత దగ్గరికి నడుస్తారు.

షెడ్డు వాళ్లు చేసే మొదటి పని గోటితో గీరి చూడడం. గోరు జారిపోతే గీత పైనున్న క్లియర్ కోట్‌లోనే ఉన్నట్టు, పాలిష్‌తో పోతుంది. గోరు ఆగితే లోపలికి దిగినట్టు, పుట్టీ, ప్రైమరు, రంగు అన్నీ కావాలి. డోరు గీత మీద మీ గోరు ఆగుతుంది. అబద్ధమాడి లాభం లేదు, అది లోతు గీతే. బంపరు మీద మరక మాత్రం గోటికి తగలదు. మీది తెల్ల బండి. మరక నీలం. అంటే ఏదో నీలం బండి తన రంగుని దీనికి అంటించి పోయింది.

"రబ్బింగ్ కాంపౌండ్ ఉందా తమ్ముడూ?" అని బళ్లు కడిగే కుర్రాణ్ణి అడుగుతారు. వాడు సూపర్‌వైజర్ మొహం కూడా చూడకుండా డబ్బా తెచ్చి, తడిగుడ్డ మీద కాస్త వేసి గుండ్రంగా రుద్దుతాడు. నీలం గుడ్డకి ఎక్కుతుంది. ఇంకాస్త రుద్దుతాడు. బంపరు తెల్లగా తేలుతుంది. 3,500 రూపాయల పెయింటింగు రెండు నిమిషాల్లో గుడ్డకి అంటుకుపోయింది. కుర్రాడు తన పనితనానికి తానే మురిసి నవ్వుతాడు. సూపర్‌వైజర్ నవ్వడు.

"సరే, బంపరు వదిలీండి. డోరు సంగతేటి?"

నాన్నగారు కర్ర పుచ్చుకుని డోరు దగ్గరికి వస్తారు. కళ్లజోడు పైకెత్తి గీతలోకి తొంగి చూస్తారు. "ఇందులో తుప్పుందిరా. నిన్న తీసుకున్న బండికి నిన్న పడిన గీతయితే తుప్పెలా పట్టింది?"

డోరు ఇనప రేకు, బంపరులా ప్లాస్టిక్ కాదు. గీత అడుగున సన్నగా గోధుమరంగు చార నిజంగానే ఉంది. కేసు గెలిచామనిపిస్తుంది.

"ఇది వైజాగండీ బాబూ," అంటాడు సూపర్‌వైజర్ తాపీగా. "రాత్రి సైకిలు బయట పెడితే పొద్దున్నకి తుప్పే. సముద్రం గాలి."

"బండి రాత్రంతా అరకులో ఉంది కదయ్యా. కొండ మీద సముద్రం ఎక్కడిది?"

"అక్కడ మంచు కురుస్తాది కదండీ."

ఆయనకి జవాబు తడుముకోవలసిన పని లేదు. నిజానికి ఆయన మాటలో తప్పు పట్టడం కష్టం. తుప్పు వయసు కంటితో చెప్పగలవాడు యార్డులో ఎవరూ లేరు.

మీ ఫోనులో వీడియో ఉంది. నిన్న తెల్లవారుజామున తాళం తీసుకున్నప్పుడే ఆగకుండా బండి చుట్టూ తిరిగి తీశారు, మీటరు రీడింగు, పెట్రోలు ముల్లుతో సహా. అది చూపిస్తారు. ఎడమ వెనక డోరు వచ్చిన చోట ఆపుతారు. నీటి బొట్లు. అప్పుడే కడిగిన బండి, పైన ట్యూబులైటు. తడి రేకు మీద గీతలు దాక్కుంటాయి, నీళ్లు గీతని నింపి వెలుగుని సమంగా చేసేస్తాయి. అద్దెకిచ్చే బండ్లు తడిగా చేతికి రావడం వెనక దురుద్దేశం ఉందని నేననను. శుభ్రంగా ఇవ్వాలని కడుగుతారు. ఫలితం మాత్రం ఒకటే. పాప తన ఫోటో కూడా చూపిస్తుంది. శృంగవరపుకోటలో టిఫిను దగ్గర బండికి చేరగిలబడి తీసుకున్నది. మోచేతి పక్కనే, ఎండలో, గీత. మీ గుండె లేస్తుంది. సూపర్‌వైజర్ టైము చూస్తాడు. "తీసుకున్న రెండు గంటలకి కదండీ ఇది."

అదీ నిజమే.

ఇక్కడే చాలామంది ఫోన్ పే తెరుస్తారు. మీరు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. మీ ఫోను సంగతి ఇంతసేపు మాట్లాడారు, ఆయన ఫోను సంగతి ఎవరూ మాట్లాడలేదు.

"మీరు ప్రతి బండికీ రిటర్న్‌లో ఫోటోలు తీస్తారు కదా. నాకు ముందు తీసుకున్నాయన అప్పగించినప్పటివి చూపించండి."

"అవి... ఓనర్ గారి దగ్గరుంటాయండి."

"గ్రూపులో ఉంటాయన్నా," అంటాడు కుర్రాడు, సాయం చేద్దామని.

సూపర్‌వైజర్ వాడి వైపు చూసిన చూపు వాడికి చాలా రోజులు గుర్తుంటుంది. ఫోను తెరుస్తాడు, వేలితో పైకి తోస్తాడు, ఆగుతాడు, స్క్రీను షర్టుకి ఆనించుకుంటాడు. "ఓనర్ గారితో మాట్లాడొస్తానండి." షట్టరు వెనక్కి వెళ్తాడు.

మీరు ఆఫీసు గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటారు. ఎదురుగా తెల్ల బోర్డు. బండి నంబర్ల చివరి నాలుగంకెలు, పక్కన టైములు. మీ స్విఫ్ట్ నంబరు కూడా ఉంది. దాని ఎదురుగా: "ఈరోజు రా. 7". మూడు రోజులు షెడ్డులో ఉండాల్సిన బండి ఇంకో మూడు గంటల్లో ఎవరితోనో రోడ్డెక్కబోతోంది.

6,600 చచ్చిపోయింది బోర్డు మీదే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో జరిమానా ఇంత అని రాసుకున్నా, దక్కేది సబబైన పరిహారమే. రాసుకున్న మొత్తం పైహద్దు, అంతే. నష్టమే జరగకపోతే పరిహారం లేదని 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది ఢిల్లీలో ప్లాటు బయానా గొడవ, స్విఫ్ట్ డోరు కాదు. సూత్రం మాత్రం ఈ కుర్చీ దాకా వస్తుంది. 2019 వినియోగదారుల చట్టం ఇంకో మేలు చేసింది: మీలాంటి రాజమండ్రి మనిషి విశాఖకి తిరగక్కర్లేదు, తానుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. చెల్లించింది 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. అంతకన్నా ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను. అయినా సెక్షన్లు యార్డులో చదివితే గొడవే తప్ప డబ్బు రాదు. బోర్డుని ఫోటో తీసుకుంటే చాలు. తీసుకుంటారు, క్లిక్కుమన్న చప్పుడు బయటికి వినబడేలా.

సూపర్‌వైజర్ తిరిగొస్తాడు. పాత ఫోటోల ఊసెత్తడు. మీరూ ఎత్తరు.

"డోరు తీసీద్దాం లెండి. ఓనర్ గారు మంచోరు. పాలిష్‌కని ఒక ఐదొందలు ఇచ్చీండి సార్."

"బోర్డు మీద ఏడింటికి బుకింగుంది. ఈ పాలిష్ ఎప్పుడు చేస్తారు?"

ఆయన బోర్డు వైపు చూస్తాడు. మీ ఫోను వైపు చూస్తాడు. మొదటిసారి నవ్వుతాడు, ఓడినవాడి నవ్వు కాదు, ఆట తెలిసినవాడు ఎదురయ్యాడన్న నవ్వు. "పర్లేదు, వెళ్లండి సార్. డిపాజిట్టు సాయంత్రానికి వచ్చీస్తాది."

"ఆ మాటే మెసేజ్ పెట్టండి. డోరుకి, బంపరుకి, అద్దెకి ఏమీ కోయడం లేదని."

టైపు చేస్తాడు. గబగబా తప్పులతో, కానీ బండి నంబరుతో సహా. నాన్నగారు ఆటోలో కూర్చున్నాక కూడా తుప్పు గురించే మాట్లాడుతూంటారు, మంచు పడితే రేకుకి అలా చార రాదని. స్టేషనులో పరుగెత్తాల్సి వస్తుంది. కాఫీ పొట్లం ఒకటి చినిగి సంచంతా ఘుమఘుమలాడుతుంది.

దువ్వాడ దాటాక ఫోను మోగుతుంది. 4,650 జమ. కింద మెసేజ్: "క్లీనింగ్ 350. సీట్ల కింద బీచ్ ఇసుక."

మీ ఆవిడ ఫోను లాక్కుని రెండుసార్లు చదువుతుంది. "మనం బీచి మొహమే చూళ్ళేదుగా!"

పాప పకపకా నవ్వుతుంది. నాన్నగారు, "350 కోసం ఎందుకులేరా," అని కిటికీ వైపు తిరుగుతారు. మీరు టైపు చేస్తారు: "ఇసుక ఫోటో పంపండి."